ఎవరి వంతు ఎంత, ఎన్ని గంటల్లో: ఫిన్లాండ్ దేశభద్రత పనిని పంచుకున్న తీరు

పదిమందిలో పాము చావదని సామెత. కర్ర అందరి చేతిలోనూ ఉంటుంది, దెబ్బ ఎవరు వేయాలో తేలదు, ఈలోగా పాము పుట్టలో దూరుతుంది. దేశభద్రతలో ప్రజలందరూ పాలుపంచుకోవాలన్న మాట ఎక్కడ విన్నా ముందు గుర్తుకు రావలసింది ఈ సామెతే. పిలుపునివ్వడం తేలిక. కరెంటు పోయిన మూడో గంటలో ఫలానా పని ఫలానా వాళ్లది అని ముందే తేల్చి, దానికయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో పడాలో రాసిపెట్టడమే కష్టం.

ఆ కష్టమైన పనికి పూనుకున్న దేశాల్లో ఫిన్లాండ్‌ను ముందు చెప్పుకోవాలి. జనాభా సుమారు 56 లక్షలు, అంటే ఒక్క హైదరాబాద్ నగరమే దానికంటే పెద్దది. రష్యాతో సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఆ సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఫిన్‌లు 105 రోజులు ఎదురొడ్డారు. చివరికి కొంత భూభాగం వదులుకుని దేశాన్ని నిలుపుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరేదాకా, దాడి జరిగితే మేం వస్తామని పూచీ పడిన పాశ్చాత్య సైనిక కూటమి వాళ్లకు లేదు. ఎవరూ రారన్న లెక్కతోనే అన్నీ సిద్ధం చేసుకోవలసి వచ్చింది. ఆ ఏర్పాటును వాళ్లు 'కొకొనైస్‌తుర్వల్లిసూస్' అంటారు. సమగ్ర భద్రత అని అర్థం.

ఈ సమగ్ర భద్రత ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే సైనిక స్థావరానికి వెళ్లనక్కరలేదు, హెల్సింకీలో ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగితే చాలు. నారింజ రంగు మీద నీలి త్రిభుజం ఉన్న బోర్డు, దాని పక్కన మందపాటి ఉక్కు తలుపు. లోపల ఇనుప జాలీతో విడదీసిన చిన్నచిన్న అరలు, ఒక్కో ఫ్లాటుకు ఒక్కోటి. వాటిలో స్కీలు, చలికాలపు టైర్లు, పిల్లల పాత సైకిళ్లు. గోడకు బిగించిన గాలియంత్రానికి చేతితో తిప్పే పిడి ఉంటుంది, కరెంటు లేకపోయినా మనుషులు వంతులవారీగా తిప్పుకోవడానికి. వడపోత పరికరాన్ని అవసరం వచ్చేదాకా విప్పరు. దగ్గరలో ఒక పీడన మాపకం ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువుంటే విషవాయువు సందుల్లోంచి లోపలికి రాదు. ఆ ముల్లు చూపించేది దాన్నే. ప్రధాన తలుపు మీద ఇల్లు కూలితే బయటపడటానికి వేరే వైపున అత్యవసర మార్గం ఉంటుంది.

ఇలాంటి షెల్టర్లు దేశమంతటా 50,500 వరకూ ఉన్నాయి. వాటిలో 48 లక్షల మందికి చోటుంది. అసలు గమనించవలసింది ఈ అంకెను కాదు, అది ఎలా పోగైందన్నది. ప్రభుత్వం ఒక్కసారిగా బంకర్ల పథకం ప్రకటించి కట్టించినవి కావివి. 1,200 చదరపు మీటర్లు, అంటే సుమారు 12,900 చదరపు అడుగులు దాటిన నివాస భవనం కడితే షెల్టర్ కట్టి తీరాలని చట్టం. గోదాములకు, ఫ్యాక్టరీలకు ఆ హద్దు 1,500 చదరపు మీటర్లు. షెల్టర్ వైశాల్యం భవనపు మొత్తం వైశాల్యంలో రెండు శాతం, మనిషికి 0.75 చదరపు మీటరు. ఈ లెక్కన 1,200 చదరపు మీటర్ల భవనానికి 24 చదరపు మీటర్ల షెల్టర్ వస్తుంది. మన రెండు పడకగదులంత చోట 32 మంది. ఖర్చు కట్టేవాడిదే, అంటే చివరికి ఫ్లాటు కొనేవాడిదే. ఖజానా నుంచి నేరుగా పెద్ద మొత్తం పోకుండా, దశాబ్దాలపాటు ఇల్లు వెనుక ఇల్లు కడుతూ షెల్టర్లు పేరుకుపోయాయి. అయిదింట నాలుగు వంతులకు పైగా ఇలాంటి ప్రైవేటు భవనాల కింద ఉన్నవే. హెల్సింకీలో కొండరాతిని తొలిచి కట్టిన పెద్ద ప్రజా షెల్టర్లూ ఉన్నాయి. ఇటాకెస్కుస్‌లో అలాంటి దాంట్లో ఈతకొలను నడుస్తోంది, మెరిహాకాలో పిల్లలు ఆడుకుంటారు, పెద్దలు జిమ్ చేస్తారు.

అన్నిటికీ ఒకటే షరతు. ఆదేశం వచ్చిన 72 గంటల్లో షెల్టర్ వాడకానికి సిద్ధం కావాలి. ఆ మూడు రోజుల్లో చేయవలసిన పని పెద్దదే. సామాన్లన్నీ ఖాళీ చేయాలి, జాలీ అరలు విప్పి బయట పడేయాలి, నీళ్ల ట్యాంకులు నింపాలి, పొడి మరుగుదొడ్లు అమర్చాలి, తలుపు అంచుల రబ్బరు పట్టీలు సరిచూడాలి, గాలియంత్రం తిప్పి చూడాలి. ఇవి ఎవరు చేస్తారు? ఆ భవనంలో ఉండేవాళ్లే. మూడు ఫ్లాట్లున్నా సరే, ప్రతి నివాస భవనానికీ రక్షణ ప్రణాళిక రాసి ఉండాలని నిబంధన.

పనులు చెడేదీ ఇక్కడే. ఇంటర్నెట్ కేబులు లాగడానికి వచ్చిన పనివాడు షెల్టర్ గోడకు రంధ్రం వేసి మామూలు సిమెంటుతో పూడ్చి పోతాడు. గాలి బిగింపు అక్కడితో పోతుంది, ఎవరికీ తెలియదు. రబ్బరు పట్టీలు ఎండి పగులుతాయి. తలుపు బిగించే పరికరాలు ఎవరో పాత ఇనుమనుకుని తీసేస్తారు. అందుకే పదేళ్లకోసారయినా పరికరాల తనిఖీ, నిర్వహణ జరగాలని నియమం పెట్టారు. పదేళ్లంటే ఎక్కువే. మధ్యలో చూసే మనిషి ఒకడు లేని భవనాల్లో కాగితం మీద షెల్టర్, నిజానికి సామాన్ల గది. ఈ ఏర్పాటు అందనివాళ్లూ ఉన్నారు. 56 లక్షల జనానికి 48 లక్షల చోట్లు. పల్లెల్లో విడివిడిగా ఉన్న చిన్న ఇళ్లకు షెల్టర్ ఉండదు. వాళ్లకు చెప్పేది ఇంట్లోనే ఉండి, కిటికీలు మూసి, గాలి మార్గాలు ఆపుకోమనే.

ఇక నిల్వల సంగతి. 1993లో ఏర్పడిన జాతీయ అత్యవసర సరఫరా సంస్థ పని ఇదే. దిగుమతి ఇంధనాలు దేశానికి మామూలుగా అయిదు నెలలకు సరిపడా ఉండాలని లక్ష్యం. తినే ధాన్యం ఆరు నెలలకు సరిపడా ఉండేది, దాన్ని తొమ్మిది నెలలకు పెంచాలని 2024లో నిర్ణయించారు. మందులకు వేరే చట్టముంది. తయారీదారులు, దిగుమతిదారులు మందు రకాన్ని బట్టి మూడు, ఆరు, లేదా పది నెలల వాడకానికి సరిపడా తమ దగ్గరే నిల్వ పెట్టాలి.

ఇంత నిల్వకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు ఫిన్‌ల సమాధానం చక్కగా ఉంటుంది. పెట్రోలు, డీజిలు, కరెంటు వాడకం మీద వినియోగదారుడు గమనించనంత చిన్న సెస్సు వేస్తారు. అది ప్రభుత్వ బడ్జెట్‌లో కలవదు, విడి నిధిలోకి పోతుంది. బడ్జెట్‌లో కలిపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రమాదం లేని పదేళ్లు గడిస్తే, లోటు చూసుకునే ఏ ఆర్థికమంత్రి కన్నయినా ముందు ఆ నిల్వల మీదే పడుతుంది. చాలా ఐరోపా దేశాల్లో ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక జరిగిందదే. స్వీడన్ తన నిల్వల్ని చాలామటుకు అమ్మేసుకుని, ఇప్పుడు మళ్లీ మొదటినుంచి పోగేసుకుంటోంది.

నిల్వ ఉంచడమంటే గోదాము తాళం వేసి పెట్టడం కాదు. ధాన్యం పాతబడుతుంది, పురుగు పడుతుంది. దాన్ని మార్కెట్లో అమ్మి కొత్త పంట నింపుతూ పోవాలి. ఇంధనానికీ అంతే. అందుకే నిల్వల్లో చాలా భాగం ఆ వ్యాపారంలో ఉన్న కంపెనీల గోదాముల్లోనే, ఒప్పందం మీద ఉంటుంది, వాళ్ల మామూలు సరుకుతోపాటు తిరుగుతుంటుంది. ఇదే సంస్థ చుట్టూ రంగాలవారీగా 'పూల్స్' అనే బృందాలున్నాయి. ఆహారం, ఇంధనం, బ్యాంకులు, రవాణా, టెలికాం ఇలా ఒక్కో రంగానికీ ఒక్కోటి. అందులో కూర్చునేది ఆ రంగంలోని కంపెనీల వాళ్లే, మామూలు రోజుల్లో ఒకరితో ఒకరు పోటీపడేవాళ్లే. ఎక్కడ ఏ విడిభాగం ఒకే సరఫరాదారు మీద ఆధారపడి ఉంది, ఏ గోదాముకు జనరేటర్ లేదు, సైబర్ దాడి జరిగితే కార్డు చెల్లింపులు ఎన్ని గంటలు ఆగుతాయి అన్నది బల్ల చుట్టూ తేల్చుకుంటారు, కలిసి సాధన చేస్తారు. ఈ ఏర్పాటు చాలా వరకు స్వచ్ఛందం. చిన్న దేశం కాబట్టి, ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి సాగుతుందన్న మాటలో నిజముంది. కానీ ఆ పరిచయాలు వాటంతటవే ఏర్పడలేదు.

1961 నుంచి ఫిన్లాండ్ జాతీయ రక్షణ కోర్సు నడుపుతోంది. మూడున్నర వారాలు, విడతకు యాభై మంది వరకూ. పిలుపు అందుకునేది ఎంపీలు, ఉన్నతాధికారులు, కంపెనీల అధిపతులు, పత్రికా సంపాదకులు, కార్మిక సంఘాల నాయకులు, చర్చి పెద్దలు. జిల్లాల స్థాయిలో ఇలాంటివే చిన్న కోర్సులున్నాయి. అక్కడ నేర్చుకున్న పాఠాలకంటే పెద్ద ఫలితం ఇంకోటుంది. సంక్షోభం రాత్రి రెండు గంటలకు వస్తే గ్రిడ్ సంస్థ అధిపతికి రక్షణ శాఖలో ఎవరికి ఫోను చేయాలో తెలుసు, ఆ అవతలి మనిషి గొంతూ తెలుసు. ఇవి పిలుపు మీదే జరిగే కోర్సులు కాబట్టి పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ల బృందంగానే మిగిలిపోతాయన్న విమర్శ ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. పిజ్జా డెలివరీ చేసే వలసదారుడు ఆ గదిలోకి రాడు.

పరిపాలనలో ఇంకో ముఖ్యమైన నిర్ణయం ఉంది. వీటన్నిటి మీదా పెత్తనం చేసే మహా భద్రతా శాఖ ఒకటి పెట్టలేదు. మామూలు రోజుల్లో ఆ పని ఎవరిదో సంక్షోభంలోనూ వాళ్లదే. ఆసుపత్రులు ఆరోగ్య శాఖవి, రోడ్లు రవాణా శాఖవి. ప్రతి శాఖలోనూ సంసిద్ధతకు బాధ్యుడైన అధికారి ఒకరుంటారు. 2013లో ఏర్పడిన భద్రతా కమిటీ ఈ శాఖలన్నిటినీ ఒక బల్ల దగ్గరికి చేరుస్తుంది, ఆదేశాలివ్వదు. 'సమాజ భద్రతా వ్యూహం' అనే పత్రాన్ని కొన్నేళ్లకోసారి తిరగరాస్తారు. ఈమధ్యది 2025 జనవరిలో వచ్చింది. నాయకత్వం, అంతర్జాతీయ సంబంధాలు, సైనిక రక్షణ, అంతర్గత భద్రత, ఆర్థికం-మౌలిక వసతులు-సరఫరా, ప్రజల ఆరోగ్యం-సేవలు, మనోధైర్యం అని సమాజపు కీలక పనుల్ని ఏడుగా విడదీయడం ఈ పద్ధతికి పునాది. సైనిక రక్షణ ఆ ఏడింటిలో ఒకటి మాత్రమే.

సైన్యం విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మగవాళ్లందరికీ సైనిక సేవ విధి, చేసే పనిని బట్టి 165, 255 లేదా 347 రోజులు. 1995 నుంచి ఆడవాళ్లు ఇష్టపూర్వకంగా చేరవచ్చు. యుద్ధమొస్తే నిలబెట్టే బలం 2,80,000. ఇక్కడ బయటివాళ్లు సాధారణంగా గమనించని చిక్కొకటుంది, మనుషుల లెక్కలో. గ్రిడ్ కంట్రోల్ రూములో షిఫ్టు చూసే ఇంజనీరు సైన్యం జాబితాలో రిజర్వు సైనికుడు. ఊళ్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో సభ్యుడు. కంపెనీ సంక్షోభ ప్రణాళికలో తప్పనిసరి మనిషి. మూడు పట్టికల్లోనూ అతని పేరుంది, మనిషి మాత్రం ఒక్కడే. యుద్ధం మొదలైన రోజు అతన్ని తుపాకీ ఇచ్చి పంపితే గ్రిడ్ పడిపోతుంది. అందుకని యజమాని ముందుగానే సైన్యానికి దరఖాస్తు పెట్టి ఆ మనిషిని తన పనికే కేటాయించుకునే పద్ధతి పెట్టారు. ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. మనుషులు ఉద్యోగాలు మారతారు, జాబితా పాతబడుతుంది. ఏ దేశమైనా 'ఇన్ని లక్షల మంది స్వచ్ఛంద సేవకులున్నారు' అని లెక్క చెప్పినప్పుడు, ఒకే మనిషిని ఎన్నిసార్లు లెక్కపెట్టారని అడగడం మంచిది.

ప్రజలందరూ పంచుకునే భారం డబ్బు రూపంలో ఎలా ఉంటుందో కరెంటు కథ చెబుతుంది. 2011 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, 'తపాని' అనే గాలివాన దక్షిణ, పశ్చిమ ఫిన్లాండ్‌ను ఊపేసింది. అడవుల మధ్యగా పోయే తీగల మీద చెట్లు కూలాయి. మూడు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని ఇళ్లకు రోజుల తరబడి రాలేదు. కరెంటుతోపాటు ఫోనూ పోయింది, టవర్ల బ్యాటరీలు కొద్ది గంటలకే పనికొస్తాయి కాబట్టి. సాయం కోసం పిలవాల్సిన ఫోనే మూగబోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా. ఫిన్లాండ్‌కు ఆ రోజు ఇది గట్టిగా తగిలింది.

2013లో విద్యుత్ చట్టం మార్చారు. పట్టణ ప్రణాళిక ఉన్న ప్రాంతాల్లో తుపాను, మంచు వల్ల కలిగే అంతరాయం ఆరు గంటలు దాటకూడదు, మిగతా చోట్ల 36 గంటలు దాటకూడదు. అంతరాయం 12 గంటలు దాటితే వినియోగదారుడికి ఏడాది నెట్‌వర్క్ ఛార్జీలో పది శాతం నుంచి మొదలై, గంటలు పెరిగేకొద్దీ పెరిగే పరిహారం ఇవ్వాలి. 'వీలైనంత త్వరగా పునరుద్ధరిస్తాం' అన్న మాటకూ, ఆరు గంటలన్న అంకెకూ ఎంత తేడా ఉందో అక్కడి కంపెనీల తీరులో కనిపించింది. వేల కిలోమీటర్ల తీగల్ని అడవుల్లోంచి తీసి భూమిలో పాతడం మొదలుపెట్టారు.

పాతడానికి డబ్బు కావాలి కదా. 2016లో అతిపెద్ద పంపిణీ కంపెనీ కరూనా ఛార్జీలు ఒక్కసారిగా పెంచడంతో జనం భగ్గుమన్నారు. ఏడాదిలో ఎంతకు మించి పెంచకూడదో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. కేబుళ్ల పని పూర్తి చేయడానికి పెట్టిన 2028 గడువును పల్లె ప్రాంతాల కంపెనీలకు 2036 దాకా పొడిగించారు. కిలోమీటరు తీగ వెంట నాలుగిళ్లున్న చోట ఆ ఖర్చు ఎవరు మోయాలన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. దృఢత్వం ఉచితంగా రాదు. ఫిన్లాండ్ ఆ బిల్లును దాచకుండా జనం ముందు పెట్టింది, తగువు పడింది, కొంత వెనక్కి తగ్గింది. ఇదంతా సహకారంలో భాగమే.

ఇంటి వంతుకు వస్తే నియమం ఒకటే, 72 గంటలు. సంక్షోభం మొదలైన మొదటి మూడు రోజులు ఇంటిల్లిపాదీ ఎవరి సాయం లేకుండా గడుపుకోగలగాలి. మనిషికి రోజుకు రెండు లీటర్ల తాగునీరు. నలుగురున్న ఇంటికి 24 లీటర్లు, అంటే మన ఇరవై లీటర్ల క్యాను ఒకటి, పైన ఇంకో నాలుగు లీటర్లు. నీళ్లు పట్టుకోవడానికి మూతలున్న శుభ్రమైన పాత్రలు. వండకుండా తినగలిగే తిండి, బ్యాటరీ రేడియో, టార్చి, పవర్ బ్యాంకు, కొంత నగదు, రోజూ వేసుకునే మందులు. వీటిలో ఎక్కువమంది మరిచిపోయేవి రెండు. మొదటిది నగదు. కార్డులతో, ఫోన్లతో చెల్లించడం అలవాటైన దేశంలో ఇంట్లో నోట్లు ఉండవు. రెండోది మరుగుదొడ్డి, నీటి సరఫరా ఆగితే అదీ ఆగుతుంది, బకెట్టూ గట్టి ప్లాస్టిక్ సంచులూ ఉండాలి.

ఈ నియమం పెట్టింది ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి కాదు. రక్షణ సిబ్బంది ఎప్పుడూ తక్కువే ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న కుటుంబం మూడు రోజులు తన కాళ్ల మీద నిలబడితే, ఆ మూడు రోజులూ అంబులెన్సు ఆక్సిజన్ మీద ఉన్న ముసలాయన దగ్గరికి పోతుంది. దీన్ని ఇంటింటికీ నేర్పేది ప్రభుత్వ సిబ్బంది కంటే ఎక్కువగా సంఘాలే. 1899లో పుట్టిన 'మార్తా' మహిళా సంఘం వంటలతో, ఇంటి పొదుపుతోపాటు దీన్నీ నేర్పుతుంది. అడవిలో తప్పిపోయినవాళ్లను వెతకడానికి పోలీసులు పిలిచే స్వచ్ఛంద రక్షణ సేవ కింద యాభై వరకూ సంఘాలున్నాయి, సమన్వయం రెడ్‌క్రాస్‌ది. ఊరంతా తలో చెయ్యీ వేసి చేసే పనికి ఫిన్‌లు 'తల్కూత్' అంటారు. ఆ పాత అలవాటును రిజిస్టరు, శిక్షణ, పిలిచే నంబరుతో ముడిపెట్టడం వల్లే అది రాత్రిపూట కూడా పనిచేస్తుంది.

ఇన్ని ఏర్పాట్లున్న దేశంలోనూ పెద్ద దెబ్బలు తగిలాయి. ఎక్కడ తగిలాయో చూస్తే, పని ఎవరిదో తేలని సందుల్లోనే.

2007 నవంబరు చివర్లో నోకియా పట్టణంలో జరిగింది చూడండి. మురుగునీటి శుద్ధి ప్లాంటులో, శుద్ధిచేసి బయటికి వదిలే నీటి గొట్టానికీ ఊరి తాగునీటి గొట్టానికీ మధ్య ఒక అనుసంధానం ఉండిపోయింది. రెంటి మధ్యా అడ్డున్నది ఒక్క వాల్వు. నిర్వహణ పనిలో దాన్ని తెరిచారు, మూయడం మరిచారు. దాదాపు రెండు రోజులపాటు నాలుగు లక్షల లీటర్లకు పైగా ఆ మురుగు ప్లాంటు నీరు తాగునీట్లో కలిసింది. 8,000 మందికి పైగా వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. శత్రువు లేడు, తుపాను లేదు. అలాంటి అనుసంధానమే ఉండకూడదు, ఉంటే నీరు వెనక్కి రాకుండా ఆపే ఏర్పాటుండాలి. ప్రతి ఊళ్లోనూ నీటి సరఫరా విభాగానికి ఈ కథ ఒక పాఠంగా చెప్పవచ్చు. గొట్టాల నక్షా ఒకసారి తెచ్చి, తాగునీటి గీతను ఇంకే గీతయినా తాకుతుందేమో వేలితో గీసి చూడమని.

2020లో కరోనా వచ్చినప్పుడు ముందే నిల్వలున్న దేశంగా ఫిన్లాండ్‌ను ప్రపంచమంతా మెచ్చుకుంది. గోదాములు తెరిచి మాస్కులు పంచారు. అవి చాలక, అదే సరఫరా సంస్థ హడావిడిగా మధ్యవర్తుల ద్వారా చైనా నుంచి తెప్పించిన మొదటి సరుకు ఆసుపత్రుల్లో వాడటానికి పనికిరాదని పరీక్షల్లో తేలింది. సంస్థ అధిపతి రాజీనామా చేయవలసి వచ్చింది. నిల్వ పెట్టడం, తిప్పడం, ఒప్పందాలు నడపడం వాళ్లకు వచ్చిన విద్య. గంటల్లో ధర మారే మార్కెట్లో మోసగాళ్ల మధ్య కొనడం వేరే విద్య. సాధన చేయని పని సంక్షోభంలో మొదటిసారి చేస్తే ఇలాగే ఉంటుంది.

అదే ఏడాది అక్టోబరులో, 'వస్తామో' అనే పేరున్న మానసిక చికిత్సా సంస్థ నుంచి దొంగిలించిన సుమారు 33,000 మంది రోగుల రికార్డులతో బెదిరిస్తున్న సంగతి బయటపడింది. ముందు కంపెనీని, తర్వాత రోగుల్ని ఒక్కొక్కరినీ డబ్బడిగారు. చికిత్సకుడికి ఆంతరంగికంగా చెప్పుకున్న మాటలవి. ఆ డేటాబేసు సరైన రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది. బ్యాంకులు, గ్రిడ్, టెలికాం వంటి 'కీలక' సంస్థలు పూల్స్‌లో కూర్చుని సాధన చేస్తుంటే, మధ్యస్థాయి చికిత్సా సంస్థ ఎవరి జాబితాలోనూ ఇమడలేదు. ఏది కీలకమో తేల్చేటప్పుడు యంత్రం ఆగితే ఎంత నష్టమన్నది చూస్తారు. రహస్యం బయటపడితే ఎంతమంది కుంగిపోతారన్నది చూడలేదు. తర్వాత మాత్రం సంక్షోభ హెల్ప్‌లైన్లు, బాధితుల సహాయ సంస్థ, రెడ్‌క్రాస్, చర్చి కలిసి ఆ రోగుల్ని ఆదుకున్న తీరు మెచ్చుకోదగ్గది.

సముద్రంలో కథ దీనికి భిన్నం. 2023 అక్టోబరు 8న ఎస్టోనియాకు పోయే బాల్టిక్‌కనెక్టర్ గ్యాస్ పైపులైను ఓడ లంగరు ఈడ్చుకుపోవడంతో తెగింది, ఆరు నెలలు పనిచేయలేదు. అయినా ఫిన్లాండ్‌లో గ్యాసు ఆగలేదు. ముందటి డిసెంబరులోనే 'ఇంకో' అనే పేరున్న రేవులో తేలియాడే ద్రవ గ్యాసు టెర్మినల్ ఓడను తెచ్చిపెట్టుకున్నారు కాబట్టి. అంతకుముందు 2022 మే 14న రష్యా నుంచి కరెంటు ఆగినప్పుడూ అంతే, లోటును పూడ్చుకోగలిగారు. 2024 డిసెంబరు 25న ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబులు తెగితే, మర్నాడే ఫిన్లాండ్ అధికారులు అనుమానిత ఓడ 'ఈగిల్ ఎస్' మీదికి దిగారు. పోలీసులు, సరిహద్దు దళం, గ్రిడ్ సంస్థ పండగరోజున గంటల్లో ఒకే పనిమీదికి రావడం అప్పటికప్పుడు కుదిరే సంగతి కాదు.

ఇదంతా చదివి మనం హైదరాబాద్ సెల్లార్లను బంకర్లు చేయనక్కరలేదు. మన ప్రమాదాలు వేరు. అయితే పని పంచుకునే లెక్క మాత్రం మన తీరానికీ వర్తిస్తుంది, సగం మనం ఇప్పటికే చేసి చూపించాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చినా, లక్షల మందిని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం పదుల్లో ఆగింది. హెచ్చరిక ఎవరిస్తారు, బస్సు ఎవరు పంపుతారు, ఏ బడి తలుపు ఎవరు తెరుస్తారు అన్నవి తేలి ఉండటం వల్ల సాధ్యమైంది. తేలనిది మిగతా సగం. గాలి ఆగాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, నీళ్లకు, పెట్రోలుకు జనం వరసలు కట్టారు. 2025 మే 7న దేశమంతటా సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు, విశాఖ, హైదరాబాద్‌లలోనూ. సైరన్ విని ఏం చేయాలో నేర్పడం అవసరమే. సైరన్ ఆగిన తర్వాతి 72 గంటల సాధన కూడా అంతే అవసరం.

దానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రావలసిన పనిలేదు, విశాఖలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఆదివారం పొద్దున్న కూర్చుంటే మొదలవుతుంది. సంపు నిండా ఉంటే మోటారు లేకుండా ఆ నీళ్లు పైకి ఎలా చేరతాయి, చేతి పంపు ఉందా, బకెట్లతో మోయడానికి ఎవరు. జనరేటర్ ట్యాంకులో ఎన్ని లీటర్ల డీజిలుంది, గంటకు ఎంత తాగుతుంది, లిఫ్టు ఆపేసి నీటి మోటారుకు మాత్రమే వాడితే ఎన్ని గంటలొస్తుంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే తలుపు తీసే తాళం వాచ్‌మన్ దగ్గరుందా, అతనికి తీయడం వచ్చా. నాలుగో అంతస్తులో ఆక్సిజన్ యంత్రం మీద ఎవరున్నారు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లెవరు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లెవరు, వాళ్ల తలుపు తట్టవలసింది ఏ ఫ్లాటు. ఫోన్లు పనిచేయనప్పుడు వార్త వినడానికి బ్యాటరీ రేడియో ఎవరింట్లో ఉంది. ఒక కాగితం మీద పేర్లు, ఫ్లాటు నంబర్లు రాసి లిఫ్టు పక్క గోడకు అంటించి, అక్టోబరు తుపాన్ల కాలానికి ముందు ప్రతి ఏడూ ఆ పేర్లున్నవాళ్లు ఇంకా అదే ఇంట్లో ఉన్నారో లేదో చూసుకోవాలి.